వాళ్ళను సిగ్గుపడనివ్వండి

“మన పిల్లలకు సిగ్గెక్కువండీ. పోజు చెప్పకపోతే కొయ్యబొమ్మల్లా నిలబడిపోతారు.” నూజివీడులోనూ హనుమాన్ జంక్షన్‌లోనూ పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళలో ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఇదే. నిశ్చితార్థం అయిన జంటను హాయిగా, ఉన్నదున్నట్టుగా ఫొటో తీయడం మన దగ్గర కుదరదని, అది పై దేశాల పద్ధతని, ఇక్కడ సినిమా పాటలా తీస్తేనే ఆల్బమ్ నిండుతుందని వాళ్ళ నమ్మకం. తల్లిదండ్రులూ అదే నమ్ముతున్నారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూడా తమలోనే ఏదో లోపం ఉందనుకుని, ఇన్‌స్టాగ్రామ్‌లో పోజులు చూసి, అద్దం ముందు సాధన చేసి మరీ వస్తున్నారు. ఈ నమ్మకం తప్పు. పిల్లలు బిగుసుకుపోతున్న మాట నిజమే. కానీ వాళ్ళను బిగుసుకుపోయేలా చేస్తున్నది మనం షూటింగు నడిపే తీరు. తప్పు చేసేది ఒకరు, పేరు పడేది ఇంకొకరికి.

ఒక్క షాట్ తీసే తీరు దగ్గర నుంచి చూడండి. మామిడి తోట. ఏప్రిల్ ఎండ. మేకప్పు, జుట్టు, అద్దె బట్టలు అన్నీ అయ్యేసరికి పదకొండు గంటలు కొట్టింది. అమ్మాయి ఒంటి మీద ఎర్ర గౌను, వెనక నేల మీద ఈడ్చుకునే బారెడు తోక. ఆ తోకను ఒక కుర్రాడు గాల్లోకి ఎగరేసి ఫ్రేములో పడకుండా పక్కకు దూకాలి. ఇంకొకడి చేతిలో రంగు పొగ డబ్బా. నెత్తిన డ్రోన్ రొద. అబ్బాయి సూటు లోపల చెమటతో తడిసి ముద్దయ్యాడు. “మేడమ్, సార్ భుజం మీద చెయ్యి వెయ్యండి. సార్, నడుం పట్టుకోండి. గట్టిగా కాదు సార్, మెత్తగా. నుదురుకు నుదురు ఆనించండి. కళ్ళు మూయండి మేడమ్. చిన్న స్మైల్. అంత వద్దు. ఫీల్ రావాలి సార్, ఫీల్!” చుట్టూ లైటు పట్టుకునే కుర్రాడు, వీడియో తీసేవాడు, మేకప్ అమ్మాయి, తోడొచ్చిన పెదనాన్న కొడుకు, గట్టు మీద కూర్చున్న మేనత్త. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది పెళ్ళిచూపులనాడు కాసేపు, తాంబూలాలనాడు కాసేపు. మిగతా పరిచయమంతా రాత్రిపూట ఫోన్లో అయింది. చెయ్యి చెయ్యి తగలని ఇద్దరిని ఇంతమంది ముందు కౌగలించుకోమని, అందులో ఫీల్ రాలేదని విసుక్కుంటే, తెలుగు పిల్లలే ఏమిటి, ఏ దేశపు మనిషైనా బిగుసుకుపోతాడు.

ఫొటో ముందు బిగుసుకోవడానికి ఒకప్పుడు కారణం ఉండేది. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి పరిచయమైన రోజుల్లో ఒక్క బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. కదిలితే ముఖం చెదిరిపోయేది. అందుకే మనిషి తల కదలకుండా వెనక నుంచి ఇనుప పట్టు బిగించేవారు. తర్వాత బొమ్మ పట్టే ప్లేట్లు చురుకైనా ఆ అలవాటు పోలేదు. మన ఇళ్ళలో గోడకున్న పాత ఫొటోలు చూడండి. తాతగారు కుర్చీలో, నాయనమ్మ పక్కన నిలబడి కుర్చీ చేతి మీద వేళ్ళు ఆనించి, వెనక తెర మీద గీసిన స్తంభాలూ మెట్లూ. ఆ ముఖాల్లోని గంభీరత వాళ్ళ స్వభావం అనుకుంటాం. అందులో సగం ఊపిరి బిగబట్టిన ఫలితం. ఇప్పుడు జేబులో ఉన్న ఫోను కూడా సెకనులో వెయ్యో వంతులో బొమ్మను పట్టేస్తుంది. నవ్వు మొదలవుతుండగా పట్టగలం, గాలికి ఎగిరిన ముంగురులు కిందికి దిగకముందే పట్టగలం. పాతకాలపు ఫొటోగ్రాఫర్‌కు లేని ఈ వరం చేతిలో ఉండి కూడా మనం మనిషిని నిలబెట్టి, మెడ ఇంత వంచమని, చెయ్యి అంత ఎత్తమని శాసిస్తున్నాం. అప్పుడు “కదలొద్దు” అన్నాం, ఇప్పుడు “ఇలాగే కదులు” అంటున్నాం. ఎదుటి మనిషికి రెండింట్లోనూ స్వేచ్ఛ లేదు.

సిగ్గు అడ్డమనే వాళ్ళకు హైదరాబాద్ నుంచే ఒక జవాబు చెప్పాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఆడవాళ్ళ కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందు కూర్చోలేరని ఆయనకు తెలుసు. వాళ్ళను మార్చబోలేదు, స్టూడియోను మార్చాడు. లోపల ఫొటో తీసే పని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. నూటముప్పై ఏళ్ళ కిందటి ఆ వ్యాపారి కనిపెట్టింది చాలా పెద్ద విషయం. మనిషి బిడియపడుతుంటే బాగు చేయవలసింది ఆ మనిషిని కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటును. ఈ ఒక్క సంగతి తలకెక్కించుకుంటే ఇవాళ తోటల్లో జరిగే షూటింగుల్లో సగం గందరగోళం ఆగిపోతుంది. ముందు మనుషులను తగ్గించాలి. ఫొటో తీసేవారు ఒకరు, అమ్మాయికి చనువున్న అక్కో వదినో ఒకరు, అంతకు మించి అక్కడ ఎవరికీ పని లేదు. తీసేది ఆడమనిషి అయితే మరీ మంచిది. అలాంటి అమ్మాయిలు విజయవాడ చుట్టుపక్కల ఇప్పుడు పని చేస్తున్నారు కూడా.

నా అసలు వాదన ఇంకా ముందుకు వెళ్తుంది. సిగ్గును ఓర్చుకోవడం చాలదు, దాన్నే ఫొటో తీయాలి. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య ఉన్న ఆ నెలో రెండు నెలలో మనిషి బతుకులో మళ్ళీ రావు. పెద్దలు కుదిర్చిన సంబంధంలోనైనా, ప్రేమించి పెద్దల్ని ఒప్పించిన సంబంధంలోనైనా, ఆ రోజుల్లో ఇద్దరి మధ్యా ఒక జానెడు దూరం ఉంటుంది. ఆమె ఇంకా “మీరు” అంటూనే ఉంటుంది. అతను “నువ్వు” అనబోయి ఆగుతుంటాడు. నడుస్తుంటే చేతులు దాదాపు తగిలి విడిపోతాయి. పెళ్ళయిన ఏడాదికి వీటిలో ఏదీ మిగలదు. ముప్పై ఏళ్ళ తర్వాత పిల్లలకు చూపించడానికి ఆ కాలం నుంచి ఏదైనా మిగలాలంటే అది ఆ జానెడు దూరమే. దాన్ని ఫొటోగ్రాఫర్ ఆజ్ఞాపించి చెరిపేస్తే, ఆల్బమ్‌లో మిగిలేది ఎప్పుడూ జరగని ఒక చనువు. అది వాళ్ళ జ్ఞాపకం ఎలా అవుతుంది?

“సరే, మరి పోజు చెప్పకుండా ఏం చేయించాలి?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఊరికే నిలబెట్టి “సహజంగా ఉండండి” అనడం కూడా ఇంకో రకం శిక్ష. జవాబు నూజివీడు వాళ్ళకు ఇంట్లోనే ఉంది. పని ఇవ్వండి. చేతులకు పని దొరికితే ముఖం తన సంగతి తాను చూసుకుంటుంది.

మే నెలలో ఒక సాయంత్రం ఇద్దరి చేతుల్లో చెరో పెద్ద రసం పెట్టండి. నూజివీడు రసాన్ని చాకుతో కోసి పళ్ళెంలో పెట్టుకుని తినరు. కాయను అరచేతుల్లో తిప్పుతూ బొటనవేళ్ళతో మెల్లగా వత్తి మెత్తబరచాలి. తోలు చిట్లకూడదు. తొడిమ తీసి, మొదటి చుక్క సొన పిండి పారెయ్యాలి. లేకపోతే పెదవి మండుతుంది. తర్వాత నోటికి పెట్టుకుని పీల్చాలి. ఈ పని చేస్తూ పోజు పెట్టడం మనిషికి సాధ్యం కాదు. అమ్మాయి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంటుంది. అబ్బాయిది గుడివాడ వైపు వరి పొలాల ఊరైతే వత్తడం రాక కాయ చిట్లి రసం చొక్కా మీదికి చిమ్ముతుంది. “అలా కాదండీ, ఇలా” అంటూ ఆమె తన కాయ చూపిస్తుంది. ఫొటో అక్కడ ఉంది. అతని ముఖంలో నామోషీ, ఆమె ముఖంలో తన తోటలో తనకున్న అధికారం. ఆ వెంటనే చిన్న రసం తీపా, పెద్ద రసం తీపా అని రెండు కుటుంబాల తరఫున వాదన మొదలవుతుంది. ఇక కెమెరాను ఎవరూ పట్టించుకోరు. చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరకు నడుస్తారు, ఆమె కొంగు అందిస్తుందో లేదో అని అతను ఒక్క క్షణం ఆగుతాడు. ఈ అరగంటలో వచ్చే బొమ్మలకు ఏ గౌనూ, ఏ పొగా సాటి రాదు.

కాయలు లేని కాలమైతే వేరే పనులున్నాయి. పుష్య మాఘాల్లో తోట నిండా పూత. పూత ఎలా నిలిచిందో, తేనెమంచు పురుగు పట్టిందా లేదా అని చూడటానికి అమ్మాయి నాన్నగారు రోజూ తోటంతా తిరుగుతారు. కాబోయే అల్లుడిని వెంట తీసుకెళ్ళనివ్వండి, అమ్మాయిని వెనక రానివ్వండి. కోతల రోజుల్లో గడకు కట్టిన చిక్కం ఇద్దరి చేతికీ ఇవ్వండి. ఒకరు తల ఎత్తి కొమ్మ చూపిస్తారు, ఇంకొకరు గడ తిప్పలేక తంటాలు పడతారు. ఏ దర్శకుడూ అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పని ఇవ్వమన్నాను కదా అని “విలేజ్ కాన్సెప్ట్” అనే వేషం వేయించేవాళ్ళున్నారు. అబ్బాయికి తలపాగా, అమ్మాయి చంకలో బిందె, అద్దెకు తెచ్చిన ఎడ్లబండి. ఆ అమ్మాయి నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంటుంది, బిందె మోసింది ఎన్నడూ లేదు. తోటలో కాయలు ప్లాస్టిక్ ట్రేలలోకెక్కి, వ్యానులో నున్న ఊరి మామిడి మార్కెట్టుకు పోతాయి. బండి చక్రానికి ఆనుకుని నవ్వడం కన్నా ఆ ట్రేల మీద కూర్చుని టీ తాగడం వెయ్యి రెట్లు నిజం. గౌను ఎంత అబద్ధమో ఈ బిందె అంతే అబద్ధం. మన పల్లెను మనమే ఏదో పాత సినిమా సెట్టులా చూసుకోవడం నాకు మరీ బాధగా ఉంటుంది.

ప్రదేశం గురించీ ఒక మూఢనమ్మకం ఉంది. చుట్టూ ఊళ్ళకు ఊళ్ళు తోటలు పెట్టుకుని మన పిల్లలు సూర్యలంక బీచికో, అరకుకో, హైదరాబాద్ శివార్లలో కట్టిన షూటింగ్ సెట్లకో పరుగెత్తుతున్నారు. అక్కడ చెక్కతో కట్టిన పారిస్ వీధి ఉంటుంది, ఎవరిదో పాత కారు ఉంటుంది. ఒక జంట దిగుతుంటే ఇంకో జంట ఎక్కుతుంది. తన తాత నాటిన బంగినపల్లి చెట్టు కింద నిలబడిన అమ్మాయి ముఖంలో వచ్చే నిబ్బరం ఆ చెక్క వీధిలో ఎందుకొస్తుంది? బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. 2022లో జిల్లా మారి ఏలూరులో కలిసినా నూజివీడు రసాలన్న పేరు చెక్కుచెదరలేదు. ఇంత పేరున్న నేలను పెళ్ళి ఆల్బమ్‌లోకి మాత్రం రానివ్వం.

“తోటలో వెలుగు బాగుండదు” అని ఫొటోగ్రాఫర్లు చెప్పే మాటలో కొంత నిజముంది. ముదురు మామిడి చెట్టు నీడ చిక్కన. ఆకుల మీంచి దిగిన వెలుగు పచ్చగా ఉండి, చర్మం పాలిపోయినట్టు పడుతుంది. సందుల్లోంచి దూరే ఎండ ముఖం మీద మచ్చలు మచ్చలుగా వాలుతుంది. దీనికి మందు ఫ్లాష్ గొడుగులు కాదు. జంటను తోట నడిబొడ్డు నుంచి అంచుకు తీసుకురండి. ఆఖరి వరస చెట్టు నీడలో నిలిపి ముఖాలు బయటి ఆకాశం వైపు ఉంచండి. వెలుగు మెత్తగా, సమంగా పడుతుంది. ఎర్రనేల మీద నుంచి తిరిగి వచ్చే వెలుగు కింద నుంచి ముఖానికి వెచ్చదనం ఇస్తుంది, అద్దెకు తెచ్చే రిఫ్లెక్టరు చేసే పనే ఇది. వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక తీయండి. మొదటి అరగంట 85 ఎం.ఎం. లెన్సుతో దూరంగా ఉండండి, వాళ్ళ మాటలు మీ చెవిన పడనంత దూరం. అలవాటు పడ్డాక 35తో దగ్గరకు వెళ్ళండి. తీసిన ప్రతి ఫొటో వెంటనే తెర మీద చూపించకండి. చూపించారంటే అమ్మాయి మళ్ళీ తన ముక్కు గురించీ, అబ్బాయి తన పొట్ట గురించీ ఆలోచనలో పడతారు.

సినిమాలా ఉండాలనే వాళ్ళకు ఒక మాట. బాపు తీసిన “ముత్యాల ముగ్గు” 1975లో వచ్చింది. ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం దక్కింది. అందులో కనిపించే వెలుగు మన ఊళ్ళలో రోజూ పడే వెలుగే. సినిమాను ఆదర్శంగా పెట్టుకోవాలంటే అక్కడి నుంచి పెట్టుకోవచ్చు. మనం మాత్రం నెమ్మదిగా తిరిగే పాట తునకలను పెట్టుకున్నాం.

ఎడిటింగు దగ్గర జరిగే ఘోరం ఇంతకన్నా పెద్దది. చామనఛాయ అమ్మాయి ఆల్బమ్‌లోకి వచ్చేసరికి పాలరంగు తేలుతుంది. పక్కన ఆమె తల్లి చెయ్యి మాత్రం అసలు రంగులోనే ఉంటుంది. “కస్టమర్లే అడుగుతారండీ” అంటారు. అడిగినా చేయకండి. ఇంకా కాపురానికి వెళ్ళని పిల్లకు, నీ రంగు ఆల్బమ్‌కు పనికిరాదని ముద్ర వేసి పంపుతున్నామని ఎవరూ ఆలోచించడం లేదు. హాయిగా ఉన్న మనిషిని ఫొటో తీయాలంటే ముందు ఆ మనిషి ఉన్నట్టుగా మనకు నచ్చాలి.

ఇప్పుడు రెండో వైపు నుంచి వచ్చే వాదన. అసలు పెళ్ళికి ముందు ఈ ఫొటోలే వద్దు, మన సంస్కృతి కాదు, నిషేధించాలి అనే పెద్దలున్నారు. 2019లో భోపాల్‌లో కొన్ని సమాజాల పెద్దలు ఇలాంటి షూటింగులు వద్దని తీర్మానించుకున్నారు. వాళ్ళ చిరాకు నాకు అర్థమవుతుంది. కల్యాణ మండపంలో ఒకవైపు సుముహూర్తం దగ్గరపడుతుంటే మరోవైపు ఎల్ఈడీ తెర మీద కాబోయే దంపతులు వానలో కౌగలించుకుని తిరుగుతుంటే, తాతలూ అమ్మమ్మలూ ఎటు చూడాలో తెలియక తల దించుకోవడం నేను చూశాను. అయినా నిషేధం సరైన మందు కాదు. పెద్దలకు ఇబ్బంది కలిగిస్తున్నది పోజు, ఫొటో కాదు. రసం తింటూ నవ్వుకునే జంటను చూసి ఏ అమ్మమ్మా తల దించుకోదు. పైగా పెళ్ళికి ముందు ఒక సాయంత్రం తోటలో కలిసి నడిచి నాలుగు మాటలు చెప్పుకునే వీలు ఈ ఫొటోల మిషతోనే చాలామంది అమ్మాయిలకు దొరుకుతోంది. దాన్ని తీసేయమనే హక్కు ఎవరికీ లేదు.

ఆర్భాటం ఎంత దూరం పోగలదో కూడా చెప్పుకోవాలి. 2020 నవంబరులో మైసూరు జిల్లా తలకాడు దగ్గర కావేరిలో ఫొటోల కోసం తెప్ప ఎక్కిన జంట, అది తిరగబడి మునిగి చనిపోయింది. కొద్ది రోజుల్లో పెళ్ళి. 2024లో చిత్రదుర్గ జిల్లాలో ఒక ప్రభుత్వ వైద్యుడు ఆసుపత్రి ఆపరేషన్ గదిలో ఉత్తుత్తి శస్త్రచికిత్సతో షూటింగు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. దీనికి భిన్నంగా 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఇద్దరు పోలీసు అధికారులు స్టేషను ఆవరణలో, యూనిఫాంలో తీయించుకున్న వీడియో ఊరంతా తిరిగింది. ముందు అనుమతి తీసుకోవలసింది అంటూనే అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ వాళ్ళను మనసారా దీవించారు. అనుమతి సంగతి అలా ఉంచితే, ఆ వీడియోలోనూ నెమ్మది నడకలూ పాటలూ ఉన్నాయి. అయినా జనానికి నచ్చింది వాళ్ళు రోజూ చేసే ఉద్యోగం అందులో కనిపించినందుకేనని నా అభిప్రాయం.

చివరిగా, “మేమూ బతకాలి కదండీ” అనే ఫొటోగ్రాఫర్ సోదరుల మాట. ఇది నేను తేలిగ్గా తీసుకోను. లక్షల అప్పుతో కెమెరాలు కొన్నారు. పక్క ఊరి కుర్రాడు డ్రోన్ ఉచితంగా ఇస్తానంటున్నాడు. అమెరికా నుంచి మూడు వారాల సెలవులో దిగిన పెళ్ళికొడుకు నిశ్చితార్థం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా అన్నీ ముగించుకుని విమానం ఎక్కాలి. ఇందులో పరిచయానికి తీరిక ఎక్కడిది అంటారు. లెక్క వేసుకుందాం. అరకు ప్రయాణానికి పోయేది రెండు రోజులు. సొంత తోటలో ఒక సాయంత్రం, దానికి ముందు కెమెరా లేకుండా వాళ్ళింటికి వెళ్ళి కాఫీ తాగిన ఒక గంట, ఇంతే చాలు. కారు అద్దె లేదు, గది అద్దె లేదు, గౌను అద్దె లేదు. మిగిలిన ఆ సొమ్ములో సగం మీ కూలిగా అడగండి. మీరు అమ్మవలసింది డ్రోన్‌ను కాదు, మీ ఓపికను, మీ కంటిని. డ్రోన్ పక్క ఊరి కుర్రాడి దగ్గరా ఉంది.

తల్లిదండ్రులకు నా మనవి. రాబోయే మాఘంలోనో వైశాఖంలోనో లగ్నం పెట్టుకుంటుంటే ఫొటోగ్రాఫర్‌ను ఎన్ని పోజులు, ఎన్ని డ్రెస్సులు అని అడగకండి. అతను తీసిన ఏదో ఒక జంట ఫొటోలు మొదటి నుంచి చివరి దాకా చూపించమనండి. అందులో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్న ఫొటో ఒక్కటైనా ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి. షూటింగు నాడు మీరు ఇంట్లోనే ఉండండి, అక్కనో వదిననో తోడు పంపండి. పూత కాలమైతే పొగ డబ్బాలు తోటలోకి రానివ్వకండి. కోతల కాలమైతే ఒక బుట్టెడు రసాలు పక్కన పెట్టి ఉంచండి.